పాత గోడ పడకముందే టేపు పట్టాలి

ఒక స్థలం అనుకుందాం. వెడల్పు 40 అడుగులు, లోతు 54 అడుగులు. దస్తావేజులో 240 గజాలని ఉంది. నలభైని యాభై నాలుగుతో హెచ్చవేసి తొమ్మిదితో భాగిస్తే లెక్క సరిగ్గా కుదురుతుంది. హైదరాబాద్ పాత కాలనీ, ముందు 20 అడుగుల గల్లీ, నలభై ఏళ్ల కిందట కట్టిన ఒంటి అంతస్తు ఇల్లు. ఒక పక్క ప్రహరీ, ఇంకో పక్క పక్కింటివారితో కలిసిన ఉమ్మడి గోడ. స్లాబు కారుతోంది. కూలగొట్టి రెండంతస్తులు కట్టుకుందామని ఇంట్లో అందరూ ఒక మాటకొచ్చారు. జేసీబీ గంటకు ఎంతో అడిగారు, మేస్త్రీతో మాట్లాడారు, మంచిరోజు చూసుకున్నారు. స్థలం ఎటూ మనదే కదా, కొలిచేదేముందని ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

పాత ఇల్లు నిలబడి ఉన్నన్నాళ్లూ దాన్ని ఎవరూ కొలవరు. కూల్చి కడతామని దరఖాస్తు పెట్టిన రోజు నుంచి అది కొత్త కట్టడం. రోడ్డు వెడల్పు, పక్కల వదలాల్సిన జాగా, కరెంటు తీగల దూరం, చెరువు మట్టం, దగ్గర్లో పురాతన కట్టడం ఉంటే దాని హద్దు, ఇవన్నీ ఈనాటి నిబంధనల ప్రకారం మళ్లీ మొదటి నుంచి లెక్కకొస్తాయి. ఆ లెక్కలు తేల్చడానికి పాత గోడలే సాక్ష్యం. చాలామంది సర్వేయర్‌ను పిలిచేది ఆ గోడలు ట్రాక్టర్లలో వెళ్లిపోయాక. నా బాధంతా అక్కడే.

మన 240 గజాలు మీటర్లలోకి మారిస్తే 200.67 చదరపు మీటర్లు. దస్తావేజు గజాల్లో ఉంటుంది, నిబంధనలు మీటర్లలో ఉంటాయి. 2012 ఏప్రిల్ 7న జీవో 168గా వచ్చిన భవన నిర్మాణ నిబంధనల పట్టిక చూడండి. స్థలం 100 నుంచి 200 చదరపు మీటర్ల లోపు ఉండి, 10 మీటర్ల ఎత్తు ఇల్లు కడితే, 12 మీటర్ల వరకు వెడల్పున్న రోడ్డు మీద ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు వదలాలి. 200 దాటి 300 లోపు ఉంటే అదే ఎత్తుకు ముందు 2 మీటర్లు, మిగతా వైపుల 1.5 మీటర్లు.

ఈ రెండు వరుసల మధ్య తేడా మన స్థలంలో ఎంతో చూద్దాం. 40 అడుగులంటే 12.19 మీటర్లు, 54 అడుగులంటే 16.46. మొదటి వరుస ప్రకారం ఇల్లు 10.19 మీటర్ల వెడల్పు, 13.96 మీటర్ల పొడవు రావచ్చు, అంటే 142 చదరపు మీటర్లు. రెండో వరుస ప్రకారం 9.19కి 12.96, అంటే 119. ఒక్కో అంతస్తుకు 23 చదరపు మీటర్లు, అంటే దాదాపు 249 చదరపు అడుగులు తగ్గిపోయాయి. ఒక హాలు పోయినట్టే.

మన స్థలం ఆ 200 గీతను దాటింది కేవలం 0.67 చదరపు మీటరుతో. సర్వేయర్ వచ్చి టేపు పట్టి, వెడల్పు 40 అడుగులు కాదు 39 అడుగుల 9 అంగుళాలే అన్నాడనుకోండి. 238.5 గజాలు, 199.4 చదరపు మీటర్లు. మూడు అంగుళాలు తగ్గిన స్థలం పై వరుసలోకి వెళ్లిపోతుంది. స్థలం చిన్నదైంది, కట్టుకోగలిగిన ఇల్లు పెద్దదైంది. అలాగని లేని మూడంగుళాల తరుగు రాయించుకోవడం ప్రమాదం. తెలంగాణలో 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం వచ్చాక 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల లోపు ఇంటికి స్వీయ ధ్రువీకరణ మీదే అనుమతి ఇస్తున్నారు. అంటే ఆ అంకెలకు సంతకం పెట్టేది ఇంటివారే, జవాబు చెప్పాల్సిందీ వారే. పైగా ఈ పట్టికలకు సవరణలు వస్తుంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టే రోజున అమల్లో ఉన్నదే చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో జీవో 119తో వేరే నిబంధనలు వచ్చాయి. అక్కడివారికి ఆ పట్టికే లెక్క.

నాలుగు వైపులా సరిగ్గా 40, 54, 40, 54 వచ్చినా పని అయిపోలేదు. మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో భుజాలు చెప్పవు. మేస్త్రీలు ముగ్గు పోసేటప్పుడు మూల నుంచి మూలకు తాడు లాగేది అందుకే. మన స్థలానికి మూలలు సరిగ్గా ఉంటే రెండు కర్ణాలూ 67 అడుగుల రెండున్నర అంగుళాలు రావాలి. ఒకటి 70 అడుగులు, ఇంకొకటి 64 అడుగుల 3 అంగుళాలు వస్తే స్థలం వాలుగా ఉన్నట్టు. భుజాలు అవే అయినా విస్తీర్ణం 239 గజాలకు, 199.87 చదరపు మీటర్లకు దిగుతుంది. పాత ఇల్లు స్థలం నడుమ ఉన్నప్పుడు మూల నుంచి మూలకు టేపు సాగదు. కూల్చకముందే కర్ణం కావాలంటే దూరాలూ కోణాలూ కొలిచే టోటల్ స్టేషన్ పరికరం తెచ్చే సర్వేయర్ కావాలి. ఫోన్‌లో జీపీఎస్ పెట్టి నాలుగు మూలలా నిలబడితే చాలదా అని కొందరు అడుగుతారు. ఆకాశం బాగా కనిపించే చోట కూడా మామూలు ఫోన్ 4.9 మీటర్ల వరకు, అంటే 16 అడుగుల వరకు అటూ ఇటూ చూపిస్తుంది. 40 అడుగుల స్థలానికి అది పనికిరాదు.

దస్తావేజులోని కొలమానం గురించి కూడా ఒక మాట చెప్పాలి. తెలంగాణ పాత కాగితాల్లో గుంటలుంటాయి. 33 అడుగుల గొలుసును అటూ ఇటూ పరిస్తే వచ్చే చతురస్రం గుంట, 121 గజాలు. కోస్తాలో సెంట్లు. ఎకరంలో నూరో వంతు, 48.4 గజాలు. మన స్థలాన్ని కోస్తాలో ఎవరైనా అయిదు సెంట్లని చెబితే అది 242 గజాలు, రెండు గజాలు ఎక్కువ. అసలు చిక్కు అంకణంతో. నెల్లూరు వైపు అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. ముప్పై అంకణాలంటే అక్కడ 240 గజాలు, ఇక్కడ 120. తాతగారి కాగితంలో అంకణాలుంటే ఆ ఊరి అంకణం ఎంతో తేలాకే మిగతా మాట.

కాగితంలో విస్తీర్ణం ఒకటి చెప్పి, చెక్కుబందీ ఇంకొకటి చెబితే? కోర్టులు సాధారణంగా విస్తీర్ణం కన్నా హద్దులకే ఎక్కువ విలువ ఇస్తాయి. తూర్పున ఫలానావారి గోడ, పడమర వీధి అని రాసి ఉంటే ఆ గోడకూ వీధికీ మధ్య ఉన్నదే స్థలం. మంచి సూత్రమే. కానీ ఆ గోడే లేకుండా పోతే? హద్దుగా చెప్పుకున్నదాన్ని మనమే జేసీబీతో లేపేస్తే, మిగిలేది మన మాట, పక్కింటివారి మాట.

ఉమ్మడి గోడ దగ్గర ఇది మరీ సూటిగా కనిపిస్తుంది. పాతకాలపు గోడ 18 అంగుళాల మందం అనుకోండి. హద్దు గోడ మధ్యలో ఉందా, గోడకు అటు అంచునా, ఇటు అంచునా అన్నది కాగితంలో ఉండదు. సగం మందం 9 అంగుళాలు, 54 అడుగుల పొడవునా 40.5 చదరపు అడుగులు, నాలుగున్నర గజాలు. గోడ నిలబడి ఉండగా ఇరుగూ పొరుగూ ఇద్దరూ నిలబడి, మధ్యలో గీత గీసి, దాని దూరం రెండు ఇళ్ల గడపల నుంచి కొలిచి, ఆ కాగితం మీద సంతకాలు పెట్టుకుంటే ఒక పూట పని. కూలిపోయాక అదే పని మీద ఏళ్ల తరబడి తిరగాల్సి వస్తుంది. గోడ మీద పక్కింటి దూలాలు ఆని ఉంటే ఇంకో లెక్క కూడా ఉంది. 1882 నాటి సౌలభ్య హక్కుల చట్టం ప్రకారం 20 ఏళ్ల పాటు అడ్డు లేకుండా అనుభవించిన ఆనింపు, వెలుతురు, గాలి హక్కులవుతాయి. మన గోడ కదా అని తీసేయడానికి వీల్లేదు.

పక్కింటి గోడల్లో అప్పటికే ఉన్న పగుళ్లను తేదీతో ఫొటోలు తీసి పెట్టుకోవడం కూడా సర్వేలో భాగమే. తెలిసిన ఇంజనీర్లు పగులుకు అడ్డంగా చిన్న గాజు ముక్కను సిమెంటుతో అతికించి, పక్కన తేదీ రాస్తారు. గోడ కదిలితే గాజు విరుగుతుంది. విరగకపోతే ఆ పగులు మన పునాది తవ్వకం వల్ల పెరగలేదన్నమాట. పది రూపాయల గాజుముక్క ఇరుగుపొరుగు మాటపట్టింపును ఆపుతుంది.

ఇప్పుడు గల్లీలోకి వద్దాం. ఊహించని దెబ్బ ఎక్కువగా తగిలేది ఇక్కడే. మన గల్లీ 20 అడుగులు, అంటే 6.1 మీటర్లు. నివాస భవనం ముందు రోడ్డు 9 మీటర్లు ఉండాలని నిబంధన. పాత ప్రాంతాల్లో రోడ్డు అంతకన్నా సన్నగా ఉంటే, 9 మీటర్లు చేయడానికి కావలసిన తరుగులో సగం మనం, సగం ఎదుటివారు వదలాలి. ఉన్న రోడ్డు మధ్య గీత నుంచి 4.5 మీటర్లు లెక్కపెట్టి, ఆ తర్వాతే ప్రహరీ. 9లోంచి 6.1 తీసి సగం చేస్తే 1.45 మీటర్లు. మన ముందు వెడల్పు 12.19తో హెచ్చిస్తే 17.7 చదరపు మీటర్లు, 21 గజాలు. మూల స్థలమైతే రెండు వీధుల వైపూ పోతుంది.

ముందు వదలాల్సిన జాగా ఆ కొత్త గీత నుంచి మొదలవుతుంది. పాత ఇల్లు గల్లీ అంచునే ఉంటే, కొత్త ఇంటి ముందు గోడ 1.45, 1.5 కలిపి 2.95 మీటర్లు, అంటే 9 అడుగుల 8 అంగుళాలు వెనక్కి పోతుంది. 200 గీత దాటిన స్థలమైతే ఇంకో అర మీటరు. పాత ఇంట్లో వరండా, ముందు గది ఉన్నంత మేర కొత్త ఇంట్లో ఖాళీ నేల.

ఇందులో నేను పాఠకులను ఒక్కచోట మాత్రం ఆగి చూడమంటాను. మధ్య గీత అన్నారు గదా, ఆ మధ్య ఎక్కడుంది? ఎదుటి ఇంటివారు ఎప్పుడో మెట్లు, బండి ఎక్కే ర్యాంపు, దాని పక్కన తులసికోట గల్లీలోకి రెండడుగులు తెచ్చారనుకోండి. ఈ రోజు వచ్చినాయన గోడకూ మెట్లకూ మధ్య టేపు పడితే 18 అడుగులే వస్తుంది. మధ్య గీత మన వైపు ఒక అడుగు జరిగింది. ఆ జరిగిన గీత నుంచి 4.5 మీటర్లు కొలిస్తే మన స్థలంలో ఇంకో అడుగు పోతుంది. 40 అడుగుల వెడల్పున 40 చదరపు అడుగులు, దాదాపు నాలుగున్నర గజాలు. ఎదుటివారు ఆక్రమించింది మన ఖాతాలో పడింది. దీనికి విరుగుడు పాత లేఅవుట్ ప్లాన్ లేదా టౌన్ సర్వే పటం. అందులో గల్లీ 20 అడుగులని ఉంటే మధ్య గీత అక్కడి నుంచే లెక్క. పటం మీది గీతను నేల మీద చూపించాలంటే రెండింటిలోనూ ఉండే గుర్తులు కావాలి, అంటే పాత ఇళ్ల మూలలు. మన ఇంటి మూల వాటిలో ఒకటి. అది పోతే పటం చేతిలో ఉన్నా దాన్ని నేలకు అతికించడం కష్టం.

కరెంటు తీగల సంగతి క్లుప్తం, కానీ ప్రాణాంతకం. ఒంటి అంతస్తు ఇంటికి తల మీదుగా ఎక్కడో పోయిన 11 కేవీ లైను, రెండో అంతస్తు బాల్కనీకి ఎదురుగా వస్తుంది. ఆ లైనుకు పక్కగా 1.2 మీటర్లు, పైకి 3.7 మీటర్లు ఎడం ఉండాలి. 33 కేవీ అయితే పక్కగా 2 మీటర్లు. ఈ దూరాలు చలికాలం పొద్దున తీగ బిగుసుకుని ఉన్నప్పుడు కొలిచేవి కావు. ఎండకు పూర్తిగా వేలాడినప్పుడు, గాలికి పూర్తిగా ఊగినప్పుడు ఉండాల్సిన ఎడం అది. గోడ నుంచి కాదు, గోడకు బయట ఉన్న బాల్కనీ అంచు నుంచి లెక్క.

ఎత్తుల లెక్క మరోటి. నలభై ఏళ్లుగా రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోతే పాత ఇంటి గడప వీధికన్నా కిందికి దిగిపోయి ఉంటుంది. మేస్త్రీ నీళ్ల గొట్టం పట్టుకుని ఒక కొస గడప దగ్గర, ఒక కొస రోడ్డు మీద పెట్టి చూస్తే రెండు నిమిషాల్లో తెలుస్తుంది. పక్కన ఉన్న కరెంటు స్తంభం మీద ఎర్ర రంగుతో ఒక గీత గీసి, పాత గడప దానికన్నా ఎంత కింద ఉందో, డ్రైనేజీ మ్యాన్‌హోల్ అడుగు ఎంత లోతున ఉందో రాసి పెట్టుకోవాలి. జాతీయ భవన నియమావళి చుట్టూ నేల కన్నా కనీసం 45 సెంటీమీటర్లు ఎత్తున గచ్చు ఉండాలంటుంది.

చెరువు దగ్గరైతే ఎత్తు లెక్క తలరాత మారుస్తుంది. జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువు పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటకైతే 9 మీటర్లు వదలాలి. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలను తొలగించే హైడ్రా ఏర్పడ్డాక హైదరాబాద్‌లో ఎఫ్‌టీఎల్ అన్న మాట ప్రతి ఇంటికీ తెలిసింది. అది దూరానికి సంబంధించిన గీతలా వినిపిస్తుంది గానీ నిజానికి అది ఎత్తు. చెరువు నిండితే నీరు ఎంత మట్టానికి చేరుతుందో ఆ మట్టం నేలను తాకే చోటల్లా కలిపితే వచ్చే గీత. నేల నూటికి ఒకటి వాలు ఉందనుకోండి, అంటే నూరు అడుగులకు ఒక అడుగు. మట్టం లెక్కలో ఒక్క అడుగు తేడా వస్తే గీత నూరు అడుగులు, 30 మీటర్లు జరుగుతుంది. వదలాల్సిన జాగా మొత్తం ఒక అడుగు ఎత్తులో ఉంది. పాత ఇల్లున్న స్థలం తర్వాత మట్టిపోసి ఎత్తు చేసినదైతే అసలు నేల ఎక్కడుందో పాత పునాది అడుగు చెబుతుంది. పునాది తవ్విపోసి మట్టి చదును చేశాక అదీ చెప్పదు.

వీటన్నిటికన్నా పెద్ద దూరం ఇంకొకటి ఉంది. చాలామందికి తెలియదు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆ పైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 2010లో చట్టానికి చేసిన సవరణలో ఇది ఉంది. ఈ దూరం గుడి గోడ నుంచో గోపురం నుంచో కాదు, రక్షిత ప్రాంతంగా ప్రకటించిన స్థలం హద్దు నుంచి. కట్టడాన్ని ఒక్క చుక్క అనుకున్నా 300 మీటర్ల వలయంలో దాదాపు 70 ఎకరాలు పడతాయి, 100 మీటర్ల వలయంలో ఏడున్నర ఎకరాలకు పైమాట. చార్మినార్ చుట్టూ, హనుమకొండ వేయిస్తంభాల గుడి చుట్టూ, ద్రాక్షారామం, సామర్లకోట భీమేశ్వరాలయాల చుట్టూ ఎన్ని ఇళ్లుంటాయో ఊహించుకోండి.

చట్టం మూడు మాటలను విడదీసింది. కొత్త నిర్మాణం, పునర్నిర్మాణం, మరమ్మతు. ఉన్న ఇంటిని పడగొట్టి అదే కొలతల్లో, అదే ఎత్తులో మళ్లీ లేపినా అది పునర్నిర్మాణమే, మరమ్మతు కాదు. నియంత్రిత ప్రాంతంలో పునర్నిర్మాణానికి అనుమతి అడగవచ్చు. నిషేధిత ప్రాంతంలో మాత్రం 1992 జూన్ 16 కన్నా ముందు నుంచి ఉన్న ఇంటికి, లేదా తర్వాత అనుమతితో కట్టిన ఇంటికి, మరమ్మతుకే దరఖాస్తు పెట్టుకోగలరు. అంటే కట్టడం హద్దు నుంచి 99 మీటర్ల దూరంలో ఉన్న ఇంటిని ఎవరైనా తెలియక పడగొడితే ఆ స్థలంలో మళ్లీ ఇల్లు లేవదు. 101 మీటర్ల దగ్గరైతే అడిగే దారి ఉంది. ఆ రెండు మీటర్ల తేడాను తేల్చేది సర్వే ఒక్కటే. నిషేధం దాటి కడితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. గుడి నీడలో పుట్టి పెరిగిన కుటుంబానికి ఈ సంగతి ఇల్లు నేలమట్టమయ్యాక తెలియడం కన్నా దుఃఖం లేదు. అలాంటి చోట ఇల్లున్నవారు జేసీబీని కాదు, ముందు ఈ దూరం కొలిచే సర్వేయర్‌ను పిలవాలి.

ఊళ్లలో పరిస్థితి వేరు. గ్రామకంఠంలో ఇంటింటికీ విడివిడిగా సర్వే నంబరు ఉండదు, ఊరి ఇళ్లన్నీ ఒకే నంబరులో ఉంటాయి. ఇల్లే హద్దు, ఇంటి పన్ను రసీదే ఆధారం. ఆ లోటు తీర్చడానికే కేంద్రం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకం మొదలుపెట్టి డ్రోన్లతో ఇళ్ల హద్దులు గీయిస్తోంది. డ్రోన్‌కు కనిపించేది నేల మీద ఉన్న గోడే. ఊళ్లో సర్వే జరగకముందే ఇల్లు కూల్చి చదును చేసుకుంటే పైనుంచి చూసేవారికి అక్కడ ఖాళీ జాగా తప్ప హద్దు కనిపించదు.

చివరిగా నేల కింద ఉన్నది. పాత ఇల్లు బరువు మోసిన నేలే రెండంతస్తులూ మోస్తుందని లెక్కేసుకుంటారు. నల్లరేగడి అయితే ఆ లెక్క తప్పుతుంది. నేలను పరీక్షించేవారు బోరు వేసి, 63.5 కిలోల గుండును 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదే పదే వదిలి, గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతారు. బోరు ఎక్కడ వేయాలన్నది మాత్రం యంత్రం చెప్పదు. పాత ఇళ్లలో చేదబావి ఉండేది. కుళాయి వచ్చాక దాన్ని రాళ్లు, ఇటుక ముక్కలు, చెత్త పోసి పూడ్చారు. ఏ దస్తావేజులోనూ, ఏ ప్లాన్‌లోనూ అది లేదు. దాని మీద పిల్లరు పునాది పడితే ఆ మూల కుంగుతుంది. సర్వేయర్ కొలతలన్నీ ముగించి కాగితం మడవబోతుంటే, ఇంట్లోని ముసలావిడ పెరట్లోకి నడిచి వచ్చి, ఒకప్పుడు తాను గిలక మీద చేద లాగిన చోటు తలుచుకుంటూ వంటింటి తలుపు నుంచి అడుగులు లెక్కపెట్టింది. పదకొండో అడుగు దగ్గర ఆగింది. సర్వేయర్ కాగితం మళ్లీ విప్పి, వంటింటి తలుపు నుంచి అక్కడికి టేపు పట్టి, పటం మీద గుండ్రంగా చుట్టాడు.